మొదటి ఎల్క్ నాకెలా దొరికింది: నాలుగేళ్ళ తిప్పలు, ఒక ఆడ ఎల్క్

తమ్ముడూ, అన్నా అని పిలిచి అడిగావు కాబట్టి చనువుగానే రాస్తున్నా. నువ్వు అరోరాలో ఉంటావు, హెచ్1బీ మీద ఉన్నావు, రెండేళ్ళుగా కొలరాడోలో ఎల్క్ అనే పెద్ద జాతి అడవి జింక వేటకి వెళ్తున్నా ఒక్కసారి కూడా రైఫిల్ భుజానికెత్తే అవకాశం రాలేదు. మొదటిది నాకెలా దొరికింది, ఏ రైఫిల్ మంచిది, దొరికితే అంత మాంసం ఏం చేసుకోవాలి, బూట్లు ఏవి కొనాలి అని నీ ప్రశ్నలు. ఒక్కొక్కటే చెప్తా, వరస తప్పినా ఏమనుకోకు.

రెండేళ్ళు ఖాళీ చేతులతో వచ్చానని దిగులుపడకు. నాకు నాలుగో ఏడు గానీ పడలేదు. కొలరాడోలో దాదాపు మూడు లక్షల ఎల్క్ ఉన్నాయి, ఇంకే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. అయినా లైసెన్సు తీసుకున్న ఐదారుగురిలో ఒకరికి దొరికితే గొప్ప. డ్రా (లైసెన్సుల కోసం తీసే లాటరీ) లేకుండా కౌంటర్లో కొనుక్కునే మగ ఎల్క్ లైసెన్సుతో వెళ్ళేవాళ్ళ పరిస్థితి అంతకన్నా కనాకష్టం.

ముందు నీ వీసా సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మనవాళ్ళలో చాలామంది దీన్ని గాలికి వదిలేస్తారు. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్1బీ లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. దానికున్న మినహాయింపుల్లో ఒకటి, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్సు చెల్లుబాటులో ఉండటం. లైసెన్సు గడువు తీరిందా, ఆ మినహాయింపు కూడా పోయినట్టే. అల్మరాలో తాళం వేసి పెట్టిన రైఫిల్ కూడా అప్పుడు లెక్కలోకొస్తుంది. నీ ఇమిగ్రేషన్ లాయరుతో ఒక గంట మాట్లాడు, ఆ ఫీజు దగ్గర పిసినారితనం వద్దు. గ్రీన్ కార్డు వచ్చేదాకా ఈ గొడవే వద్దనుకుంటే విల్లు పట్టుకో, ఆ చట్టం విల్లంబులకి వర్తించదు. నేను మొదలుపెట్టేనాటికి గ్రీన్ కార్డు చేతికొచ్చింది కాబట్టి ఈ తలనొప్పి లేకుండా పోయింది.

మిగతా కాగితాలు నీకు తెలిసే ఉంటాయి: హంటర్ ఎడ్యుకేషన్ కార్డు, డ్రాకి దరఖాస్తు పెట్టేముందు దానికి అర్హత ఇచ్చే క్వాలిఫైయింగ్ లైసెన్సు ఒకటి, జంతువుల ఆవాసాల కోసం కట్టే హాబిటాట్ స్టాంప్. డ్రా గడువు ఏప్రిల్ మొదటి మంగళవారం. ఏటా బ్రోషర్ మారుతుంది, పోయినేడాది రూల్ ఈ ఏడాది ఉండకపోవచ్చు. కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళకి ఫోన్ చేస్తే ఓపిగ్గా చెప్తారు, మన యాసతో అడిగినా సరే.

ఇక అసలు కథ.

మొదటి ఏడు నేను చేసిన తప్పు ఏంటంటే, నడవటానికి వీలుగా ఉన్నచోట వేటాడటం. యాంపా ఊరికి పడమరగా, ఫ్లాట్ టాప్స్ తూర్పు అంచున రూట్ నేషనల్ ఫారెస్ట్‌లో ఒక పాత కలప దారి పట్టుకుని రోజుకి తొమ్మిది, పది మైళ్ళు తిరిగాను. మధ్యాహ్నం అడవిలో నిలబడి సమోసా తిన్నాను కూడా. నాకు కనిపించిన జంతుజాలమంతా నారింజ రంగు టోపీలు పెట్టుకున్న మనుషులే. అక్కడ నడుముకి పైన 500 చదరపు అంగుళాల ఫ్లోరసెంట్ నారింజ రంగో గులాబీ రంగో వేసుకోవాలి, తలమీద కూడా. ఆ వారం ఆ దారిలో పెళ్ళి ఊరేగింపులా ఉంది.

రెండో ఏడు కొంచెం బుద్ధొచ్చి దారి వదిలి లోపలికి వెళ్ళాను. పొద్దున్నే ఒక ఆస్పెన్ తోపులో కూర్చుంటే కింద స్ప్రూస్ చెట్ల మధ్య కొమ్మలు విరుగుతున్న చప్పుడు. గుండె గొంతులోకొచ్చింది. అంతలో నా మెడ వెనక చల్లగా తగిలింది, గాలి. రెండు నిమిషాల తర్వాత కింద నుంచి కుక్క మొరిగినట్టు ఒక్క అరుపు. అంతే, కొండ మొత్తం కదిలినట్టు గిట్టల మోత, తర్వాత నిశ్శబ్దం. మంద వెళ్ళిపోయింది. ఎన్ని ఉన్నాయో, ఆడవో మగవో, ఒక్క వెంట్రుక కూడా నేను చూడలేదు. అవి మాత్రం నా గురించి అంతా తెలుసుకునే వెళ్ళాయి.

ఎల్క్ కంటికి దొరికిపోయినా ఒక్కోసారి బతికిపోతాం. కదలకుండా నిలబడితే అది కూడా నిలబడి చూస్తుంది. చెవికి దొరికినా ఫరవాలేదు, మంద నడిచేటప్పుడు అవే బోలెడంత చప్పుడు చేస్తాయి. ముక్కుకి దొరికితే మాత్రం ఆ రోజుకి ఇంటికి పోవచ్చు. అందుకే రైఫిల్ గురించి నువ్వు నాలుగు లైన్లు అడిగినా, నేను ముందు గాలి గురించి చెప్తున్నా.

కొండల్లో గాలికి రెండు బతుకులున్నాయి. ఒకటి వాతావరణాన్ని బట్టి వీచే గాలి, ఫోన్లో కనిపించేది. రెండోది కొండే పుట్టించుకునేది. రాత్రి చల్లబడ్డ గాలి బరువెక్కి నీళ్ళు పారినట్టే వాగుల వెంట కిందకి జారుతుంది. పొద్దెక్కి ఎండ తగిలాక, తొమ్మిది, పది మధ్యలో, అదే గాలి వేడెక్కి పైకి తిరుగుతుంది. ఆ తిరిగే అరగంట చాలా చెడ్డది, ఎటూ తేలదు, గిరగిరా తిరుగుతుంది. సాయంత్రం నీడ పడగానే మళ్ళీ కిందకి. కాబట్టి పొద్దున్నే నువ్వు ఎల్క్ కన్నా కింద ఉండాలి, లేదా పక్కనుండాలి. మధ్యాహ్నం పైనుండాలి. చదివితే ఇంతే. కొండ మీద రాయి రాయికీ, మలుపు మలుపుకీ లెక్క మారుతుంది.

గాలి చూడటానికి షాపులో చిన్న సీసాల్లో పొడి అమ్ముతారు. నేను విబూది వాడతా. నవ్వకు. అమ్మ శ్రీశైలం వెళ్ళొచ్చినప్పుడల్లా పొట్లాలు పంపేది, ఇంట్లో పేరుకుపోయాయి. సువాసన కలపని, మెత్తటి విబూదిని ముక్కున పెట్టే స్ప్రే సీసా కడిగి అందులో పోసుకున్నా. ఒక్కసారి నొక్కితే సన్నటి తెల్ల పొగలా వచ్చి ముప్పై అడుగుల దూరం దాకా కనిపిస్తూ పోతుంది. ఐదు నిమిషాలకోసారి నొక్కుతూ నడవాలి. అమ్మకి ఈ సంగతి చెప్పే ధైర్యం మూడేళ్ళ దాకా రాలేదు.

మూడో ఏడు జరిగింది చెప్పుకోవటానికి నాకిష్టం లేదు, కానీ నీకు పనికొస్తుంది కాబట్టి చెప్తా. సాయంత్రం వెలుగు తగ్గుతుండగా లోయకి అవతల గట్టున ఒక మగ ఎల్క్ బయటికొచ్చింది. దూరం కొలిచే పరికరంలో 380 గజాలు చూపించింది. నేను రేంజిలో 200 గజాలకి మించి ఎప్పుడూ కాల్చలేదు. అక్కడ బల్లమీద ఇసుక సంచుల మీద పెట్టి కాల్చటమే తప్ప, ఆయాసపడుతూ మోకాళ్ళ మీద కూర్చుని కాల్చలేదు. అయినా కాల్చాను. అది ఒక్క ఉదుటున చెట్లలోకి దూరింది. తగిలిందా, లేదా? ఆ రాత్రి టెంట్‌లో నిద్ర పట్టలేదు. మర్నాడు వేట మానేసి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ గట్టంతా గజం గజం వెతికాను. రక్తం చుక్క లేదు, వెంట్రుక లేదు, దాని అడుగులు సమంగా నడిచినట్టే ఉన్నాయి. తప్పిపోయిందనే అనుకుంటున్నా. ఖాయంగా తెలియకపోవటమే ఇప్పటికీ కుట్టే ముల్లు. ఆ తర్వాత నాకు నేనే గీత గీసుకున్నా: 250 గజాలు, అది కూడా రైఫిల్‌కి గట్టి ఆనిక ఉంటేనే.

ఆ చలికాలం మా పక్కింటి పెద్దాయనతో మాట్లాడుతుంటే, రాంచ్‌లో పుట్టి పెరిగిన మనిషి, నువ్వు కొమ్ముల వెంట ఎందుకు పడుతున్నావు, తినటానికే అయితే ఆడదానికి డ్రా పెట్టుకోవచ్చుగా అన్నాడు. నిజమే. పడమటి కొలరాడోలో చాలా యూనిట్లలో (వేట కోసం విడగొట్టిన ప్రాంతాల్లో) మగ ఎల్క్‌ని కాల్చాలంటే ఒక కొమ్ముకి కనీసం నాలుగు శాఖలుండాలి, లేదా కంటిపైన ఉండే శాఖ ఐదంగుళాలుండాలి. సగం చీకట్లో, చెట్ల సందుల్లోంచి ఆ శాఖలు లెక్కపెట్టటం కొత్తవాడి పని కాదు. ఆడ ఎల్క్‌కి ఈ లెక్కలు లేవు. మందలుగా తిరుగుతాయి కాబట్టి కనిపించే అవకాశం ఎక్కువ, మాంసం మెత్తన. అక్టోబరు చివరికి మగవి జతకట్టే కాలం అయిపోయి, ఒళ్ళు సగమై, ఎవరూ దూరలేని కంపల్లో ఒంటరిగా దాక్కుని ఉంటాయి. వాటిని వెతకటం మన ఉద్యోగాల వాళ్ళకి, వారం సెలవుతో అయ్యే పని కాదు. నా మాట విని మొదటిది ఆడదానికే పెట్టుకో. ఏప్రిల్ డ్రాలో రాకపోతే రెండో డ్రా ఉంటుంది, ఆగస్టులో మిగిలిపోయిన లైసెన్సులూ అమ్ముతారు.

అమ్మ మాత్రం ఫోన్లో, ఆడదాన్నా, పాపం కదరా అంది. మంద ఎంత పెరగాలన్నది ఆడవాటి సంఖ్యే తేలుస్తుంది, అందుకే ఏ లోయలో ఎన్ని ఆడ లైసెన్సులు ఇవ్వాలో ఏటా లెక్కగడతారు అని చెప్పాను. ఆవిడకి ఆ లెక్క నచ్చలేదు. మాది మార్కాపురం పక్క పల్లె, నల్లమల కనిపిస్తుంది. తాత చిన్నప్పుడు కణితి జింక మాంసం ఊళ్ళో పంచుకునేవాళ్ళని చెప్పేవాడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత మనదగ్గర అది జైలుకెళ్ళే పని, అది మంచిదే, మనకి మిగిలిన కణితి జింకలు ఆ మాత్రమే. ఇక్కడ కథ వేరు. 1900 ప్రాంతానికి అమ్మకానికి వేటాడీ వేటాడీ కొలరాడోలో కూడా ఎల్క్ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. 1910ల్లో వయోమింగ్ వైపు నుంచి రైళ్ళలో తెచ్చి వదిలారు. ఇప్పటి మందలు చాలావరకు అలా తిరిగొచ్చినవే. 1937 నుంచి మనం కొనే ప్రతి రైఫిల్ మీదా, తూటాల డబ్బా మీదా 11 శాతం ఫెడరల్ పన్ను ఈ పనులకే పోతుంది.

నాలుగో ఏడు నాకు ఆడ ఎల్క్ లైసెన్సు తగిలింది, రెండో రైఫిల్ సీజన్. ఈసారి ఆగస్టు, సెప్టెంబరు శనాదివారాలు నాలుగు అక్కడే గడిపాను, రైఫిల్ లేకుండా. ఎల్క్ రాత్రంతా పచ్చిక బయళ్ళలో మేసి, తెల్లారేసరికి ఉత్తరం వైపు వాలులో ఎండ తగలని స్ప్రూస్ చీకట్లోకి పోయి పడుకుంటాయి. మేతకీ పడకకీ మధ్య దారి ఎక్కడో కనిపెట్టాలి. రెండు గుట్టల మధ్య చిన్న కనుమ ఒకటి దొరికింది, 9,400 అడుగుల ఎత్తున. దానిగుండా అరిగిపోయిన బాట, మేకల బాటలా కాదు, ఎడ్లబండి గాడిలా. తాజా పెంటికలు మెరుస్తూ ఉన్నాయి. చెట్ల బెరడు రాపిడికి లేచిపోయి ఉంది. బండి ఆపే చోటునుంచి రెండు మైళ్ళు. అంతకన్నా దూరమైతే మాంసం మోయలేనని ముందే అనుకున్నా.

సీజన్ మొదటి రెండు రోజులూ వెళ్ళలేదు. జనం హడావుడి తగ్గాక సోమవారం రాత్రి మంచు పడింది, నాలుగంగుళాలు. మంగళవారం తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరా. చెమట పట్టకుండా మెల్లగా నడిచి, పైన వేసుకునే కోటు సంచిలోనే ఉంచి, చేరాక తొడుక్కున్నా. చెమటతో కూర్చుంటే అరగంటలో పళ్ళు కొట్టుకుంటాయి. విబూది నొక్కితే పొగ మెల్లగా కిందకి, నా ఎడమ వైపుకి జారింది. బాట నాకు కుడి వైపు. సంచి ముందు పెట్టి, దాని మీద రైఫిల్ ఆనించి, బోర్లా పడుకున్నా. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి కాల్చొచ్చు. టైం చూసుకుంటూ ఉన్నా.

ముందు వాసనొచ్చింది. నమ్ముతావో లేదో, మా ఊళ్ళో పశువుల కొట్టం వాసన. ఒక్క క్షణం నేనెక్కడున్నానో మర్చిపోయా. తర్వాత పిల్లికూన మూలిగినట్టు సన్నటి పిలుపులు, తల్లీ పిల్లా మాట్లాడుకోవటం. కనుమలోంచి మొదట ఒక ముసలి ఆడది వచ్చి ఆగింది. చెవులు అటూ ఇటూ తిప్పింది. దాని వెనక మిగతావి ఆగిపోయాయి. మందని నడిపేది అదే, దాన్ని చూసి కంగారుపడి కాలిస్తే అంతా అయిపోతుంది. నేను ఊపిరి కూడా ముక్కుతో మెల్లగా వదులుతున్నా. రెండు నిమిషాలు నిలబడి అది కదిలింది. వరసగా ఏడు పెద్దవి, మూడు పిల్లలు.

నాలుగోదాని వెంట పిల్ల కనబడలేదు. దూరం 160 గజాలు. కానీ దాని వెనకే ఇంకొకటి నిలబడి ఉంది. తూటా ఒకదాన్ని దాటి రెండోదానికి తగులుతుంది, అప్పుడు ఒక లైసెన్సుకి రెండు చావులు. ఆగాను. వెనకది ముందుకి జరిగింది. అప్పుడు నాది అడ్డంగా నిలబడి ముందు కాలు చాచింది. జబ్బ వెనక, ఒంటి ఎత్తులో కిందనుంచి మూడోవంతు దగ్గర గురి, అక్కడే ఊపిరితిత్తులు. ట్రిగ్గర్ నొక్కటం గుర్తుంది, మోత గుర్తులేదు. తడి పరుపుని కర్రతో కొట్టినట్టు ఒక చప్పుడు మాత్రం తిరిగొచ్చింది. అది వంగి, అరవై గజాలు పరుగెత్తి, నిలబడి, కూలబడింది.

ఇక్కడ ఆగు. అరగంట కదలకూడదు. పడినట్టే కనిపించినా ప్రాణం ఉంటే, మనిషిని చూసి లేచి మైలు దూరం పోతుంది. ఆ అరగంటా నా చేతులు ఎంత వణికాయంటే ఫ్లాస్కులో టీ మూతలోకి ఒంపుకోలేకపోయా. తర్వాత వెళ్ళి చూస్తే మంచు మీద గులాబీ రంగు నురగ. అది ఊపిరితిత్తుల రక్తం, మంచి గుర్తు. చిక్కటి ముదురెరుపైతే కాలేయం, ఇంకో గంటో రెండు గంటలో ఆగాలి. పచ్చగా, కంపు కొడుతూ ఉంటే పొట్టలో తగిలినట్టు, ఆరేడు గంటలు ఆగక తప్పదు. వెనక వైపు నుంచి వెళ్ళి పొడుగాటి కర్రతో కంటిని తాకి చూడు. రెప్ప వాల్చకపోతే అయిపోయినట్టు.

నేను దాని పక్కన మంచులో కూర్చున్నా. మెడ మీద చెయ్యేస్తే వెచ్చగా ఉంది, జుట్టు నేననుకున్నదానికన్నా గరుకు. సంతోషం వచ్చిందా అంటే వచ్చింది, కానీ అరుపులు కేకలు వేసే రకం కాదు. అంత పెద్ద శరీరాన్ని చూసి భయం కూడా వేసింది. 500 పౌండ్ల జంతువు, నేనొక్కణ్ణే, చేతిలో నాలుగంగుళాల కత్తి.

మొదట లైసెన్సుతో వచ్చే కార్కస్ ట్యాగ్ మీద సంతకం, తేదీ రాసి చింపాలి, కత్తి తీసేముందే. తర్వాత పొట్ట కోయకుండా ఒలిచే పద్ధతి. మెడ నుంచి తోక దాకా వెన్నెముక మీద తోలు గీరి, పై పక్క తోలు పొట్టవైపుకి ఒలుచుకుంటూ పోవాలి. ముందు జబ్బకి ఎముకల కీలు లేదు, కండకి మాత్రమే అతుక్కుని ఉంటుంది. కాలు ఎత్తి పట్టుకుని లోపల కోస్తే ఊడొస్తుంది. వెనక తొడకి తుంటి కీలు కనిపెట్టటంలోనే తంటా. తర్వాత వెన్ను పొడుగునా వీపు కండ, మెడ మాంసం, పక్కటెముకల మధ్య కండ. తిరగేసి రెండో పక్క. చివర్లో వెన్ను కింద లోపలి కండ, చెయ్యి దూర్చి లాగాలి, అంతకన్నా మెత్తటిది ఆ జంతువులో లేదు. ఒక తొడకి పొదుగు ముక్క అంటిపెట్టుకునే ఉండాలి, ఆడదే అని రుజువు. కోసి పారేస్తే వార్డెన్ (వేట చట్టాలు చూసే అధికారి) జరిమానా రాస్తాడు. తినదగ్గ మాంసం అడవిలో వదిలేసి రావటం కూడా నేరమే.

నాకు మూడున్నర గంటలు పట్టింది. రెండుసార్లు వేలు కోసుకున్నా. క్యాంప్ రాబర్ అని పిలుచుకునే బూడిదరంగు జే పిట్టలు రెండొచ్చి, నేను ఉండగానే కొవ్వు ముక్కలు ఎత్తుకుపోయాయి. చేతికి అందేంత దగ్గరగా.

మాంసం పాడయ్యేది బయటి ఎండకన్నా లోపలి వేడికి. మంచులో ఉంది కదా అని తోలుతో వదిలేస్తే తొడ ఎముక చుట్టూ పుల్లబడిపోతుంది. తోలు వెంటనే తీసి, గాలాడే గుడ్డ సంచుల్లో వేసి, నీడలో కొమ్మకి వేలాడదియ్యి. ప్లాస్టిక్ సంచులు వాడకు. సిగ్నల్ ఉన్న గుట్టెక్కి పక్కింటి పెద్దాయనకి ఫోన్ చేస్తే, డెబ్బై దగ్గరపడ్డ మనిషి, మధ్యాహ్నానికల్లా వీపున బరువు మోసే ఫ్రేములు రెండు పట్టుకుని వచ్చాడు. ఇద్దరం చెరో రెండు దఫాలు. వెనక తొడ ఒకటి 45 పౌండ్ల పైనే. చివరి దఫా చీకటి పడ్డాక, తలదీపం వెలుగులో, నా మోకాళ్ళు నావి కావు. ఎముక తీసేశాక ఇంట్లో తూచితే 146 పౌండ్లు.

రైఫిల్ గురించి తక్కువే చెప్తా, ఇది ఎవరినడిగినా గంట చెప్తారు. నాది పాత థర్టీ-ఆట్-సిక్స్, 165 గ్రెయిన్ల రాగి తూటా. సీసం తునకలు పిల్లలు తినే మాంసంలో వద్దని రాగి. కొలరాడోలో ఎల్క్‌కి కనీసం ఆరు మిల్లీమీటర్ల వ్యాసం, 85 గ్రెయిన్ల బరువు, విచ్చుకునే తూటా ఉండాలి. పాయింట్ త్రీ నాట్ ఎయిట్ అయినా, సిక్స్ పాయింట్ ఫైవ్ క్రీడ్‌మోర్ అయినా చాలు. భుజం అదిరి నువ్వు కళ్ళు మూసుకునే పెద్ద తుపాకీ కన్నా, రెండు వందల తూటాలు ఓపిగ్గా కాల్చిన చిన్నది నయం. బల్ల వదిలేసి, నాలుగు మెట్లు పరుగెత్తి ఎక్కొచ్చి, ఆయాసంతో సంచి మీద ఆనించి కాల్చటం అలవాటు చేసుకో.

మాంసం వండేముందు తల పరీక్షకివ్వు. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అని జింక జాతికొచ్చే మెదడు జబ్బు, 1960ల్లో మొదట ఫోర్ట్ కాలిన్స్‌లోనే బయటపడింది. మనుషులకి సోకిన దాఖలా లేదు, కానీ పాజిటివ్ వస్తే తినొద్దనే ఇక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెప్తుంది. వండితే చచ్చే జబ్బు కాదది. మెడ దగ్గర గ్రంథులు తీసుకుంటారు. ఫలితం వచ్చేదాకా ప్యాకెట్లన్నీ ఒక పక్క ఫ్రీజర్లో విడిగా ఉంచు. నాది నెగటివ్ వచ్చింది.

ఎల్క్ మాంసంలో కొవ్వు ఉండదు, మన మటన్‌లా అనుకుని వండితే పీచవుతుంది. అంటుకుని ఉన్న తెల్లకొవ్వంతా గీసెయ్యి, అది నోట్లో మైనంలా అంగిలికి పట్టేస్తుంది. జబ్బ, మెడ, మోకాలి కండ ఇవి ఇగురుకీ పులుసుకీ. కుక్కర్లో ఎనిమిది విజిల్స్ వేసి, తర్వాత మూత తీసి గోంగూర వేసి మగ్గనిస్తే ఏ చుట్టమొచ్చినా మటనే అనుకుంటాడు. కీమా చేసేటప్పుడు పదోవంతు మటన్ కొవ్వు కలుపు. వీపు కండని మాత్రం కారాలతో పాడుచెయ్యకు: ఉప్పు, మిరియాలు, నెయ్యి, వేడి పెనం, లోపల ఎరుపు ఉండగానే దించెయ్యి. సన్నగా చీరి ఉప్పూ పసుపూ పట్టించి డీహైడ్రేటర్లో ఉప్పుకండ కూడా పెట్టాను, పప్పుచారులోకి. అమ్మ వచ్చినప్పుడు అదే మొదట అయిపోయింది. ఒకటి మర్చిపోకు, వేట మాంసం అమ్మకూడదు, చట్టం ఒప్పదు. పంచిపెట్టొచ్చు.

పై దవడలో రెండు కోరపళ్ళుంటాయి, ఐవరీలంటారు, ఆడవాటికి చిన్నగా ఉంటాయి. కొందరు ఉంగరాల్లో పొదిగించుకుంటారు. నావి అగ్గిపెట్టెలో ఉన్నాయి, ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదు.

బూట్ల సంగతి. చీలమండ పైదాకా వచ్చే తోలు బూట్లు కొను, కానీ ఇప్పుడే, మే నెలలోనే. సంచిలో నలభై పౌండ్ల బియ్యం బస్తా వేసుకుని డెన్వర్ పక్కనున్న రెడ్ రాక్స్ ఆరుబయలు థియేటర్ మెట్ల మీద వారానికి రెండుసార్లు ఎక్కి దిగు. ఎక్కడం కన్నా దిగడమే చూసుకో, వేళ్ళు ముందుకి కొట్టుకుంటుంటే అర సైజు పెద్దది మార్చుకో. ఏ యూనిట్‌కి పెట్టుకున్నావో చెప్తే, మ్యాప్ తీసి కనుమలెక్కడున్నాయో ఇద్దరం కలిసి చూద్దాం.